రేణిగుంట నుండి శంషాబాదునకు

తిరుపతికి ఇంచుమించు 15 కిలోమీటర్ల దూరమున రేణిగుంట యొద్ద విమానాశ్రయము కలదు. అచ్చటి నుండి హైదరాబాదునకు ‘ఒక గంట ప్రయాణము’ అని మనవారు చెప్పుకొనుచుందురు. ఈ మాట అబద్ధము కాదు. కాని దానిని నమ్మి చిక్కుపడిన వానిని నేనెరుగుదును. అతని కథకు ముందు లెక్క చూతము.

బాలలారా! భూపటమును తెరవుడు. రేణిగుంట విమానాశ్రయము 13 డిగ్రీల 38 నిమిషముల ఉత్తర అక్షాంశమున నున్నది. 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయము 17 డిగ్రీల 14 నిమిషముల యొద్ద నున్నది. భేదము 3 డిగ్రీల 36 నిమిషములు, అనగా 216 నిమిషములు. ఇవి గడియారపు నిమిషములు కావు. డిగ్రీలో అరువదవ భాగములు. అక్షాంశమున ఒక్కొక్క నిమిషమునకు నేలపై ఒక నాటికల్ మైలు, అనగా 1.852 కిలోమీటర్లు వచ్చును. గుణించి చూడుడు: శంషాబాదు మనకు 400 కిలోమీటర్లు ఉత్తరమున నున్నది. అది పడమటికి కూడ 119 కిలోమీటర్లు ఒరిగియున్నది. లంబకోణ త్రిభుజమున కర్ణమును కనుగొను విధము మీకు తెలిసినదే. ఈ కర్ణము 417 కిలోమీటర్ల పైచిలుకు. భూమి గుండ్రనిది గదా, చదునైన త్రిభుజ మెట్లు చెల్లునని తెలివిగల పిల్లవాడు అడుగవచ్చును. ఇంత కొద్ది దూరమున ఆ తేడా లెక్కకు రాదు.

రైలుకు ఇట్టి తిన్నని బాట లేదు. 2023లో ప్రారంభమైన తిరుపతి - సికింద్రాబాదు వందేభారత్ రైలు నెల్లూరు, గుంటూరుల మీదుగా చుట్టి పోవుటచే సుమారు 660 కిలోమీటర్లు నడువవలసి వచ్చినది.

ఇక కాలము. ఏటీఆర్ 72 అను చిన్న విమానము ఆకాశమున గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కను 50 నిమిషములు చాలును. అయినను కాలపట్టికలో గంటంబావు వరకు వ్రాయుదురు. ఏలయన, విమానము నిలిచిన చోటి నుండి కదలినది మొదలు గమ్యమున మరల నిలుచు వరకు పట్టు కాలమంతయు అందు చేరును. నేలపై మెల్లగా సాగుట, వంతు కొరకు వేచియుండుట, ఎక్కునప్పుడును దిగునప్పుడును వేగము తగ్గుట, ఎదురుగాలి, ఇవన్నియు అందలివే.

చిత్తూరు చెంత పల్లెలో నా పూర్వశిష్యుడొకడు సేద్యము చేయుచున్నాడు. హైదరాబాదులో అతని తమ్మునికి సాయంకాలము నాలుగింటికి శస్త్రచికిత్స. అంతకు ముందే తమ్ముని చూడవలెనని పదిగంటల విమానమునకు టికెట్టు కొని, ఉదయము ఏడున్నరకు ఇల్లు కదలెను. చంద్రగిరి మీదుగా రేణిగుంటకు సుమారు 80 కిలోమీటర్లు. త్రోవలో లారీలు అడ్డుపడెను. అతడు చేరునప్పటికి తొమ్మిదింబావు. బయలుదేరు వేళకు గంట ముందే టికెట్లు చూచు గవాక్షమును మూసివేసిరి. ఎంత వేడుకొన్నను లాభము లేకపోయెను. విమానము ఎదుటనే యున్నది. అది ఎగిరిపోవుట చూచి, ఆ రాత్రి రైలెక్కెను.

మరునాడు ఉదయము ఆసుపత్రికి చేరునప్పటికి చికిత్స ముగిసి తమ్ముడు కన్నులు తెరచి యుండెను. అన్నను చూచి మెల్లగా, “విమానములో ఒక గంటేనంటివే అన్నా!” అనెను.