స్విచ్ వేసే ముందు చెయ్యి వేసి చూడండి

ఫిజియోథెరపీ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక కూడా నన్ను జనం ఎక్కువగా అడిగేది మసాజ్ మిషన్ల గురించే. ఏది కొనాలి, ఎంతసేపు పెట్టాలి, నాన్నగారికి పెట్టొచ్చా అని. ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా తెలిసిన సంగతులు రాసి పెడుతున్నాను.

1. మిషన్ లోపల ఏముందో ముందు తెలుసుకోండి. పాతరకం చేతి వైబ్రేటర్‌లో ఇనుము మీద చుట్టిన రాగితీగ కాయిల్, దాని ఎదురుగా స్ప్రింగు మీద నిలిచే చిన్న ఇనుప పలక ఉంటాయి. మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్. ఒక్కో ఆవృత్తిలో కాయిల్ అయస్కాంతబలం రెండుసార్లు పెరిగి తగ్గుతుంది కనుక పలక సెకనుకు 100 సార్లు అదురుతుంది. సెలూన్‌లో చేతి వెనక తగిలించుకుని తలకు, భుజాలకు పట్టించే మిషన్ తీరు వేరు. అందులో మోటారు ఇరుసుకు ఒక పక్కన బరువు పెడతారు, అది తిరిగేకొద్దీ మిషన్ ఊగుతుంది. ఇప్పుడు ఇంటింటా కనిపిస్తున్న మసాజ్ గన్‌లో మోటారు ఒక కడ్డీని ముందుకూ వెనక్కూ నెడుతుంది, కొన్నిట్లో 16 మిల్లీమీటర్ల దాకా. కాయిల్‌ది పైపైన సన్నటి అదురు, గన్‌ది కండలోకి దిగే దెబ్బ. ఒకదానికి చెప్పిన జాగ్రత్త రెండోదానికి చాలదు.

ఎగ్జిబిషన్ స్టాళ్లలో "మాగ్నెటిక్ పవర్ రక్తాన్ని శుద్ధి చేస్తుంది" అని చెప్పి ఈ కాయిల్ మిషన్లే అమ్ముతారు. నమ్మకండి. ఇందులో అయస్కాంతం చేసే పని ఇనుప పలకను కదపడమే. మీ ఒంట్లో పనిచేసేది ఆ కదలిక.

2. అమెరికా నుంచి పిల్లలు ప్రేమగా తెచ్చిన మిషన్‌ను అలాగే ప్లగ్గులో పెట్టకండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా పెడితే కాయిల్ మాడిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా తగ్గేది వోల్టేజీ మాత్రమే, హెర్ట్జ్ మారదు. సెకనుకు 120 అదురులకు సరిచూసిన స్ప్రింగు 100కి మందగిస్తుంది, కాయిల్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఛార్జింగ్ మిషనైతే అడాప్టర్ మీద 100–240 వోల్టులని ఉందేమో చూసుకోండి, చాలు.

3. నొప్పి తగ్గడం నిజం, తగ్గేది కాసేపే. స్పర్శ, అదురు తెచ్చే నరాల సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలను అడ్డుకుంటాయని మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు 1965లో ప్రతిపాదించారు. దెబ్బ తగిలినచోట మనం రుద్దుకునేది ఇందుకే. పిల్లలకు సూది వేసేటప్పుడు పక్కన చిన్న వైబ్రేటర్ పెట్టడం కూడా ఈ దారిలో వచ్చిందే. నొప్పి తగ్గిన ఆ కాస్త సమయంలో వ్యాయామం చేయించాలి. భుజం పట్టేసినవారికి మిషన్ పెట్టి, డబ్బు తీసుకుని, చెయ్యి ఒక్కసారైనా పైకెత్తించకుండా పంపేసే చోట్లు నేను చూశాను. అలా ఎన్నిసార్లు వెళ్లినా భుజం తెరుచుకోదు.

4. పక్షవాతం వచ్చిన చేతికి మిషన్ ఎక్కడ పెడుతున్నామన్నదే ముఖ్యం. స్వీడన్‌లో ఎక్లుండ్, హాగ్‌బార్త్ అనే పరిశోధకులు 1966లో ఒక సంగతి వివరించారు. కండరం మీదగానీ దాని స్నాయువు మీదగానీ సెకనుకు 100 ప్రాంతంలో అదురు పెడితే, పెట్టినంతసేపూ ఆ కండరం తనంతట తానే బిగుస్తుంది, దానికి ఎదురు కండరం సడలుతుంది. వేళ్లు పిడికిలిగా ముడుచుకుపోయిన చేతికి ఇంట్లోవాళ్లు అరచేతి వైపే మిషన్ పెడతారు, నొప్పి అక్కడ ఉందని. పిడికిలి ఇంకా బిగుస్తుంది. మేము ముంజేతి వెనకవైపు, వేళ్లను చాపే కండరాల మీద పెట్టేవాళ్లం. థెరపిస్టు చేత ఆ చోట పెన్నుతో గుర్తు పెట్టించుకుని ఇంటికి వెళ్లండి.

అడగడానికి సిగ్గుపడే సంగతి కూడా ఒకటి చెప్పాలి. వెన్నుపాము దెబ్బతిన్న మగవారిలో చాలామంది తమకిక పిల్లలు పుట్టరని లోలోపలే కుమిలిపోతారు. 2.5 మిల్లీమీటర్ల కదలికతో 100 హెర్ట్జ్ దగ్గర పనిచేసే వైద్య వైబ్రేటర్ సాయంతో వారిలో ఎందరికో వీర్యం సేకరించవచ్చు. వెన్నుపాము ఛాతీ భాగంలోని ఆరో మట్టం దగ్గర గానీ ఆపైన గానీ దెబ్బ ఉన్నవారికి ఆ సమయంలో రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చు. అందుకని మొదటిసారి ఆసుపత్రిలోనే చేయాలి. డాక్టరును అడగండి, ఇందులో తప్పేమీ లేదు.

5. హాయిగా ఉండటం వేరు, జబ్బు తగ్గడం వేరు. పారిస్‌లో షార్కో అనే మహావైద్యుడు రైలు ప్రయాణం తర్వాత పార్కిన్సన్స్ రోగులకు సుఖంగా ఉందని గమనించి, 1892లో అదిరే కుర్చీ గురించి ప్రకటించాడు. 2012లో చికాగో పరిశోధకులు అలాంటి కుర్చీనే పరీక్షించారు. అదురు ఉన్న కుర్చీలో కూర్చున్నవారికీ, అదురు లేకుండా విశ్రాంతిగా కూర్చున్నవారికీ మార్పు దాదాపు ఒకేలా కనిపించింది. మిషన్ అమ్మేవాళ్లు చూపించే అనుభవాలను నేను ఈ లెక్కతోనే వింటాను.

6. పెట్టకూడనివి: ఒక కాలి పిక్కే వాచి నొప్పిగా ఉంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే, ఎముకలు బలహీనపడి ఉంటే, పేస్‌మేకర్ ఉంటే డాక్టరు చెప్పేదాకా వద్దు. మెడ ముందువైపు ఎప్పుడూ వద్దు. ఎక్కువసేపు పెడితే ఎక్కువ మేలనుకోవడమూ తప్పే. అమెరికాలోని ఇండియానాలో గాలి సుత్తులతో రాయి చెక్కే కార్మికుల వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతున్నాయని ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు 1918లోనే పరిశీలించి రాశారు. ఒకచోట రెండు నిమిషాలకు మించి ఉంచకుండా, మొత్తం పదిహేను నిమిషాల్లో ముగించమనేవాణ్ణి.

7. మధుమేహం ఉన్నవారి పాదాలకు మిషన్ పెట్టే ముందు ఆ పాదాలకు అదురు తెలుస్తోందా అని చూడాలి. బయోథీసియోమీటర్ అనే పరికరం దీనికే ఉంది, అదీ విద్యుదయస్కాంతంతో అదిరేదే. బొటనవేలి మీద ఆనించి, రోగికి తెలిసేదాకా వోల్టేజీ పెంచుతూ పోతారు. 25 వోల్టులు దాటినా తెలియకపోతే పుండు పడే ముప్పు ఎక్కువని అర్థం. అలాంటి పాదానికి మిషన్ వేడి తెలియదు, చర్మం ఒరుసుకున్నా తెలియదు. మంట తగ్గుతుందని కొడుకులూ కూతుళ్లూ ప్రేమతో కొనిచ్చే ఫుట్ మసాజర్ మీద ఆ పాదం పెట్టకూడదు. ఈ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. ఆ పరికరం లేనిచోట డాక్టరు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుతో చూస్తారు. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఏడాదికి ఒకసారైనా ఇది చేయించండి. మసాజర్ కొనడం తర్వాత చూసుకోవచ్చు.