ఫ్రీగా బొమ్మ వేసి పెట్టమంటే

ఫ్రీలాన్స్ ఆర్టిస్టుకు తొలి రెండు మూడేళ్లలో వచ్చే పనుల్లో డబ్బు ఊసు లేనివి చాలానే ఉంటాయి. తెలిసినవారి షార్ట్ ఫిల్మ్‌కు పోస్టరు, మిత్రుడి కవితాసంపుటికి ముఖచిత్రం, కొత్తగా తెరిచిన బిర్యానీ పాయింట్‌కు లోగో. "ఇప్పటికి బడ్జెట్ లేదు, పేరు మాత్రం వేస్తాం" అన్నది అన్నిచోట్లా వినిపించే మాటే. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి ఒప్పుకోవడం ఎంత పొరపాటో, కాదనడమూ అంతే పొరపాటు.

ముందుగా చూడాల్సింది, ఆ పనిలో ఇంకెవరికి డబ్బు అందుతోందన్నది. కవి సొంత ఖర్చుతో 500 ప్రతులు వేయించుకుంటున్నాడనుకుందాం. కాగితానికి డబ్బు కడతాడు. డీటీపీ చేసినవారికి పేజీకి ఇంత అని లెక్క ఉంటుంది. ప్రెస్సువారు అడ్వాన్సు లేనిదే ప్లేటు వెయ్యరు. ఆవిష్కరణ సభకు హాలు అద్దె, శాలువాలు, టిఫిన్లు ఎలాగూ తప్పవు. ముఖచిత్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అభిమానం గుర్తొస్తుంది. ఇక్కడ లేనిది డబ్బు కాదు, బొమ్మకు డబ్బివ్వాలన్న అలవాటు. సంపాదకుడు, రచయితలు, ప్రూఫులు దిద్దేవారు అందరూ ఊరికే పనిచేసే చిన్న పత్రిక సంగతి వేరు. అక్కడ ఆర్టిస్టు కూడా పంక్తిలో కూర్చున్నట్టే.

"పోర్ట్‌ఫోలియోకు పనికొస్తుంది" అన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది కానీ, అంత బలమైనది కాదు. కన్యాశుల్కానికి కొత్త ముఖచిత్రం ఎలా ఉండాలో ఎవరూ అడగకుండానే వేసి చూపించవచ్చు. అందులో ఎవరి కరెక్షన్లూ ఉండవు. సొంతంగా వేసుకునే బొమ్మ నేర్పలేనిది ఒక్కటే, అసలైన పని నడిచే తీరు. వెన్ను మందం లెక్కగట్టడం, తెర మీది రంగు కాగితం మీద ఎందుకు మసకబారుతుందో తెలుసుకోవడం, నాలుగోసారి మార్చమన్నప్పుడు ఓపిక పట్టడం వంటివి. వీటికోసం ఒకటో రెండో ఉచిత పనులు చేయడంలో నష్టం లేదు. పదోది చేస్తే కొత్తగా వచ్చే చదువు ఉండదు.

పేరు వస్తుందన్న మాటను కూడా కొలిచి చూడాలి. ఆ బొమ్మను చూసేవారిలో రేపు డబ్బిచ్చి పని చేయించుకోగలవారు ఎందరు, పేరు ఎక్కడ, ఎంత అక్షరాల్లో పడుతుంది అన్నవి ముందే అడగాల్సిన ప్రశ్నలు. న్యూయార్క్ రాష్ట్ర పర్యాటక ప్రచారానికి మిల్టన్ గ్లేసర్ 1970లలో 'ఐ లవ్ న్యూయార్క్' లోగోను ఫీజు లేకుండా గీసిచ్చాడు. అప్పటికే ఆయన పేరున్న డిజైనరు, రేటు చెప్పి తీసుకోగల మనిషి. కొత్తవారికి జరిగేది తరచు దీనికి తిరగబడి ఉంటుంది. "ఫలానావారికి ఊరికే చేశారట కదా" అంటూ తర్వాతి పని కూడా అదే ధరకు వస్తుంది.

స్టూడియోలు ఉద్యోగానికి ముందు పెట్టే టెస్టు ఉచిత పనే అయినా, చిన్నదైతే న్యాయమైనదే. కానీ టెస్టు పేరుతో నడుస్తున్న ప్రాజెక్టులోని షాట్లు ఇచ్చి వారం రోజులు చేయించుకుంటే అది టెస్టు కాదు. పోటీలదీ ఇంచుమించు ఇదే లెక్క. రూపాయి గుర్తుకోసం కేంద్ర ఆర్థిక శాఖ 2009లో పెట్టిన పోటీకి 3 వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. 2010లో ఎంపికైనది ఉదయ్ కుమార్ రూపకల్పన ఒక్కటే. ఆయనకు దక్కిన బహుమతి 2.5 లక్షల రూపాయలు. మిగతా వేలమంది శ్రమ లాటరీ టికెట్టు లాంటిది. గెలవని ఎంట్రీల హక్కులు కూడా నిర్వాహకులవేనని నిబంధనల్లో ఉంటే ఆ పోటీ జోలికి పోకపోవడమే మంచిది.

చట్టం ఇక్కడ ఆర్టిస్టు పక్షానే ఉంది, చాలామందికి తెలియదు కానీ. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం బొమ్మకు తొలి హక్కుదారు వేసినవారే. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు, పోర్ట్రెయిటు, ఫొటో వంటివి దీనికి మినహాయింపు, వేరే ఒప్పందం లేకపోతే అవి వేయించుకున్నవారివి. ప్రతిఫలమే లేనప్పుడు ఆ మినహాయింపు వర్తించదు. ఉద్యోగంలోనో అప్రెంటిస్‌షిప్‌లోనో భాగంగా చేసిన పని మాత్రం సాధారణంగా యజమానికి చెందుతుంది. కాబట్టి జీతం లేని ఇంటర్న్‌షిప్‌లో చేరేముందు కాగితం చదవాలి. హక్కును బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో చేయాలని 19వ సెక్షన్ చెబుతుంది. కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే.

ఒప్పుకున్నాక కూడా లెక్క తప్పకూడదు. నెలకు 30 వేలు కావాలనుకునే ఆర్టిస్టు 20 పనిదినాలు వేసుకుంటే రోజుకు 1,500. ముఖచిత్రానికి నాలుగు రోజులు పడితే 6 వేలు. బిల్లులో ఫీజు 6 వేలు, తగ్గింపు 6 వేలు, ఇవ్వాల్సింది సున్నా అని రాసివ్వాలి. దాంతో పని విలువ ఎదుటివారికి తెలుస్తుంది, తర్వాతిసారి బేరం సున్నా దగ్గర మొదలుకాదు. రఫ్‌లు రెండు, కరెక్షన్లు రెండు, వాడకం ఈ ఒక్క ముద్రణకే అన్న మూడు ముక్కలు వాట్సాప్‌లోనైనా రాసుకోవాలి. లేయర్లున్న ఓపెన్ ఫైలు ఇవ్వనక్కర్లేదు.

మేనమామ కూతురి పెళ్లి శుభలేఖ ఈ లెక్కల్లోకి రాదు, అది చదివింపుల కింద వెళ్తుంది. మగపెళ్లివారు తమ శుభలేఖ కూడా అదే చేత్తో గీయించుకోవాలని ముచ్చటపడితే మాత్రం రేటు చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు.