గ్లూటెన్ సంబంధిత చర్మవ్యాధి – చిరుధాన్యాల శుద్ధతలో గమనించవలసిన అంశాలు

మోచేతులు, మోకాళ్లు, పిరుదులు, తలమాడు భాగాలలో చిన్న నీటిపొక్కులు గుంపులుగా లేచి, నిద్ర పట్టనివ్వనంత దురద, మంట కలిగించే దీర్ఘకాలిక వ్యాధి డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్. అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన చర్మవైద్యుడు లూయీ డూరింగ్ 1884లో దీనిని వర్ణించాడు. పేరులో హెర్పీస్ ధ్వనించినా ఆ వైరస్‌తో దీనికి సంబంధం లేదు. ఇది అంటువ్యాధి కూడా కాదు. గోకినప్పుడు పొక్కులు చిట్లి పుండ్లు మాత్రమే మిగులుతాయి కనుక గజ్జిగానో తామరగానో పొరబడి పైపూతలతోనే కాలం గడపడం జరుగుతుంటుంది.

ఈ వ్యాధిని ప్రేరేపించేది గోధుమ, బార్లీ, రై గింజలలోని నిల్వ మాంసకృత్తులైన గ్లూటెన్. జన్యుపరమైన అనుకూలత గలవారిలో ఇది చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీయడమే గాక, ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైముకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను పుట్టిస్తుంది. అవి చర్మపు పైపొర కింద పేరుకొని పొక్కులకు కారణమవుతాయి. ఈ రోగులలో పేగు కూడా దెబ్బతింటుందని 1966లో బ్రిటిష్ వైద్యులు గుర్తించారు. అంటే ఇది సీలియాక్ వ్యాధి చర్మంపై కనిపించే రూపం. అజీర్తి, విరేచనాల వంటి లక్షణాలు చాలామందిలో ఉండవు. ఉత్తర ఐరోపాలో, ముఖ్యంగా ఫిన్లాండులో ఇది ఎక్కువ. మన దేశంలో సీలియాక్ వ్యాధి గోధుమ ప్రధానాహారమైన ఉత్తర రాష్ట్రాలలో అధికం, దక్షిణాదిలో తక్కువ. అయితే మధుమేహం పేరిట రాత్రి అన్నం మాని చపాతీకి మారిన తెలుగు కుటుంబాలు నేడు తక్కువేమీ కాదు.

దురదతో బాధపడే రైతుకు "గోధుమ మానండి, కొర్రలు తినండి" అని వెంటనే సలహా ఇవ్వడం మంచిది కాదు. గోధుమ మానివేస్తే రక్తంలో ప్రతిరక్షకాలు క్రమంగా తగ్గి, పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు. పొక్కు పక్కనున్న చర్మపు ముక్కను పరీక్షించి వైద్యుడు నిర్ధారించిన తరువాతే ఆహారం మార్చాలి. డాప్సోన్ మందుతో దురద కొద్ది రోజులలోనే తగ్గుతుంది. కానీ పేగు మానదు. రక్తకణాలకు హాని చేయగల మందు కనుక వైద్య పర్యవేక్షణ తప్పనిసరి. అసలు చికిత్స జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారమే. దాని ఫలితం చర్మంపై పూర్తిగా కనిపించడానికి నెలలు, కొందరిలో సంవత్సరాలు పడుతుంది.

వ్యవసాయ విస్తరణ విభాగం పాత్ర ఇక్కడే మొదలవుతుంది. వరి, జొన్న, మొక్కజొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, అరికెలలో ఈ గ్లూటెన్ లేదు. అంతమాత్రాన వాటి పిండి సురక్షితమని చెప్పలేము. భారత ఆహార ప్రమాణాల ప్రకారం "గ్లూటెన్ రహితం" అని ముద్రించాలంటే కిలోకు 20 మి.గ్రా. మించి గ్లూటెన్ ఉండరాదు. గోధుమ వెయ్యి గింజల బరువు సుమారు 40 గ్రా. గింజలో మాంసకృత్తులు 10 శాతం, వాటిలో గ్లూటెన్ 80 శాతం అనుకుంటే ఒక్కొక్క గింజలో దాదాపు 3.2 మి.గ్రా. గ్లూటెన్ ఉంటుంది. కిలో రాగులలో మూడు లక్షలకు పైగా గింజలుంటాయి. వాటిలో ఏడు గోధుమ గింజలు కలిస్తే చాలు, పరిమితి దాటుతుంది!

రాగులలోని గోధుమను జల్లెడ వేరు చేస్తుంది. జొన్న గింజ పరిమాణంలో గోధుమకు దగ్గరగా ఉండటం వలన అక్కడ జల్లెడ అంతగా పనిచేయదు. పిండిగా మారిన తరువాత ఏ జల్లెడా ఉపకరించదు. గోధుమ ఆడించిన పిండిమరలోనే రాగులు పోస్తే రాళ్ల మధ్య, గొట్టాలలో మిగిలిన పిండి కలుస్తుంది. మొదటి రెండు మూడు కిలోలు పక్కన పెట్టడం కల్తీని తగ్గిస్తుందే గాని పూర్తిగా నివారించదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఈ మాటను ప్యాకెట్‌పై వేయదలిస్తే చిరుధాన్యాలకు ప్రత్యేక మర, ప్రత్యేక సంచులు ఉండాలి. ప్రతి విడత నమూనాకు ఎలైజా పరీక్ష చేయించాలి. నూర్పిడి యంత్రం, గోనె సంచి కూడా పరిశీలనలో ఉండవలసినవే.

వంటింట్లో గోధుమ కనిపించని చోట్ల కూడా ఉంటుంది. ఇడ్లీ రవ్వ బియ్యానిది. బొంబాయి రవ్వ గోధుమది. మార్కెట్లో దొరికే కూటమి ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుతారు. చిరుధాన్యాల బిస్కట్లు, నూడుల్స్ పేరున్న వాటిలో మైదాయే అధికంగా ఉండవచ్చు. రాగి మొలకల మాల్ట్ వీరికి సరిపడుతుంది, బార్లీ మాల్ట్ సరిపడదు. రెండింటికీ పేరు ఒకటే కావడం చిక్కు. దేశీ రకమని, పాతకాలపుదని ప్రచారంలో ఉన్న ఖప్లీ గోధుమ కూడా గోధుమే. దానిలోనూ గ్లూటెన్ ఉంది కనుక ఈ రోగులకు దానిని సిఫారసు చేయరాదు.