ఆయన సంతకం, ఆమె నడుము

ప్రశ్న: మాది ధర్మవరం. ఇద్దరం గుంట మగ్గం మీదే బతికినవాళ్లం. ఆయన నేస్తుంటే నేను కండెలు చుట్టేదాన్ని. ఆయన లేనప్పుడు నేనే గుంటలోకి దిగి నేసేదాన్ని. నాకు చాలా ఏళ్లుగా నడుము నొప్పి. డిస్కు జారిందని స్కానింగులో చెప్పారు. ఇప్పుడు మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట రాదు. చెప్పింది మాత్రం అర్థమవుతుంది, తల ఊపుతారు. బ్యాంకు ఖాతా, ఇల్లు ఆయన పేరు మీదే ఉన్నాయి. బ్యాంకుకు పోతే ఆయన సంతకం కావాలంటున్నారు. చీరలు నేయించుకునే షావుకారు అడ్వాన్సు కట్టమంటున్నాడు, లేదంటే నన్ను మగ్గం ఎక్కమంటున్నాడు. మా అబ్బాయి పెనుకొండ దగ్గర ఒక కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తాడు. ఆయన్ని మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టేసరికి నా నడుము విరిగినంత పనవుతోంది. మాకేమైనా దారి ఉందా?

జవాబు: అమ్మా, దారి ఉంది. మీవారికి విషయం అర్థమవుతోంది, తల ఊపి జవాబు చెప్పగలుగుతున్నారు. మీ చిక్కుల్లో సగానికి పరిష్కారం అక్కడే దొరుకుతుంది. అందుకే ఈ పనులు వాయిదా వేయకండి.

మాట పడిపోయినా, చెయ్యి పనిచేయకపోయినా మనిషికి చట్టం ఇచ్చిన హక్కులు పోవు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం (2016) 13వ సెక్షన్ ఈ మాటే చెబుతోంది. ఆస్తి కలిగి ఉండటానికి, తన డబ్బు వ్యవహారాలు తాను చూసుకోవడానికి దివ్యాంగులకు అందరితో సమానంగా హక్కుంది. ఆ ఖాతాకు, ఆ ఇంటికి ఇప్పటికీ యజమాని మీవారే. ‘నేను భార్యనే కదా’ అంటే బ్యాంకులో చెల్లదు. ఆయన బతికుండగా ఆయన తరఫున సంతకం పెట్టే అధికారం భార్యకూ, కొడుక్కూ దానంతటదే రాదు. ఆయన ఏటీఎం కార్డు, పిన్ వాడుకుని నెట్టుకొచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. రేపు అన్నదమ్ముల మధ్య తగాదా వస్తే అదే మీ మెడకు చుట్టుకుంటుంది.

అలాగని బ్యాంకువాళ్లు సంతకం లేదని మిమ్మల్ని ఉత్త చేతులతో పంపడమూ తప్పే. జబ్బుతో సంతకం చేయలేని ఖాతాదారుల విషయంలో ఏం చేయాలో రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పింది. వేలిముద్ర వేయగలిగితే చాలు, చేతి బొటనవేలిదైనా సరే, కాలి బొటనవేలిదైనా సరే. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి కావాలి. అదీ కుదరకపోతే చెక్కు మీదో, డబ్బు తీసే ఫారం మీదో ఏదో ఒక గుర్తు పెట్టించినా అదే పద్ధతిలో చెల్లుతుంది. డబ్బు ఎవరి చేతికివ్వాలో ఖాతాదారు సూచిస్తే, సాక్షులు గుర్తించిన ఆ మనిషికి ఇవ్వవచ్చు. కుడి చెయ్యి పడిపోయిన మనిషికి ఎడమ చేతి బొటనవేలు ఉంది కదా! ఆ వేలు ఇంకు ప్యాడు మీద అద్ది కాగితం మీద ఆనించడానికి అర నిమిషం చాలు.

ఆయన్ని ఆటోలో ఎక్కించి, మెట్ల మీదుగా మోసి బ్యాంకుకు తీసుకెళ్లకండి. దీర్ఘకాలిక జబ్బో, వైకల్యమో ఉన్నట్టు డాక్టరు ధ్రువీకరిస్తే అలాంటి ఖాతాదారులకు ఇంటి దగ్గరే బ్యాంకు సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో ఆదేశించింది. బ్రాంచి మేనేజరుకు ఒక తెల్లకాగితం మీద అర్జీ రాసి, డాక్టరు సర్టిఫికెట్ నకలు జత చేసి ఇవ్వండి. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా అడిగినప్పుడు ‘కుదరదు’ అన్నవాళ్లే స్టాంపు వేయాల్సి వచ్చేసరికి నిబంధనలు చూస్తారు.

ఇక నెలనెలా ఈ తిప్పలు లేకుండా రెండు పనులు చేయండి. మొదటిది, ఖాతాను మీ ఇద్దరి పేర్ల మీదకి, ఎవరో ఒకరు సంతకం చేస్తే చాలనే పద్ధతికి మార్పించండి. రెండోది, ఆయన మీ పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వడం. ధర్మవరం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు ఆయన రానక్కర్లేదు. కదల్లేని మనిషి ఇంటికే రిజిస్టరు చేసే అధికారి రావడానికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 31, 33 సెక్షన్లలో వీలుంది. ఆ రోజే చూసిన డాక్టరు చేత, విషయం గ్రహించి సమ్మతి తెలిపే స్థితిలో ఆయన ఉన్నారని రాయించి దగ్గర పెట్టుకోండి. పవర్‌లో బ్యాంకు, పింఛను, ఆసుపత్రి, ఇంటి పన్ను, కరెంటు వంటి పనులే రాయించండి. ఇల్లు అమ్మే అధికారం మాత్రం రాయించవద్దని నా గట్టి సలహా. మీ మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. కష్టంలో ఉన్నప్పుడు ఇల్లు అమ్మించడానికి సలహాలిచ్చేవాళ్లు ఎక్కువమంది చేరతారు.

తొందర ఎందుకంటే, మరోసారి పక్షవాతం వచ్చి ఆయనకు స్పృహ లేకుండా పోతే కొత్త పవర్ రాయలేరు. మతి స్థిమితం పోతే పాత పవర్ కూడా ఆగిపోతుంది, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. కోమాలో ఉన్న మనిషి ఆస్తికి సంరక్షకుల్ని నియమించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి కొన్ని స్థితులకే వర్తిస్తుంది. అప్పుడు హైకోర్టుకు పోవడమే మిగులుతుంది. 2019లో కేరళ హైకోర్టు ఇలాంటి కుటుంబాల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. 2024లో మద్రాసు హైకోర్టు కోమాలో ఉన్న భర్తకు భార్యనే సంరక్షకురాలిగా నియమించింది. గెలవచ్చు, కాదనను. కానీ ధర్మవరం నుంచి అమరావతికి తిరగడం మీ నడుముకూ, మీ పర్సుకూ అయ్యే పని కాదు. ఆయన తల ఊపగలిగిన ఈ రోజుల్లోనే కాగితాలు పూర్తి చేసుకోండి.

ఇప్పుడు పింఛను సంగతి. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై 1 నుంచి దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. దానికి సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ కావాలి. సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాటు తీసుకోండి. సాధారణంగా పక్షవాతం వచ్చి 6 నెలలు గడిచాకే శాశ్వత వైకల్యం ఎంతో లెక్కిస్తారు, అందుకే తేదీ రాసి ఉన్న డిశ్చార్జి సమ్మరీ చాలా ముఖ్యం. హిందూపురం వైపు నుంచి బెంగళూరు ఆసుపత్రులకు పరుగెత్తేవాళ్లు తరచూ ఆ కాగితాలు అక్కడే వదిలేసి వస్తారు. రోగి గానీ, అధికారం ఉన్న బంధువు గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నిబంధనలు (2002) చెబుతున్నాయి.

సదరం పరీక్షకు మెడికల్ బోర్డు ముందుకు వెళ్లినప్పుడు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. చాలామంది చెయ్యీ కాలూ చూపించి వచ్చేస్తారు. మెదడు దెబ్బతిని మాట పోవడం దివ్యాంగుల హక్కుల చట్టం షెడ్యూలులో విడిగా ఉన్న వైకల్యం. ‘మాట కూడా పరీక్షించండి’ అని అడగండి. రెండూ కలిపి లెక్క కడితే శాతం మారుతుంది. శాతం తక్కువ వేశారనిపిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. 2025లో దివ్యాంగుల పింఛన్లు మళ్లీ పరిశీలించినప్పుడు రాష్ట్రంలో చాలామందికి నోటీసులు వచ్చాయి. అందుకే స్కానులు, ప్రిస్క్రిప్షన్లు ఒక సంచిలో భద్రంగా ఉంచండి.

ఇన్ని రాశారు గానీ, ఉత్తరంలో మీ కోసం మీరేమీ అడగలేదు. పక్షవాతం వచ్చిన ఇళ్లలో నన్ను బాగా బాధించేది ఇదే. మంచం మీదున్న మనిషికి కేసు షీటు ఉంటుంది. ఆ మనిషిని ఎత్తి దించే మనిషి నొప్పి ఏ కాగితంలోనూ ఉండదు. నిజం చెప్పాలంటే నొప్పి ఒక్కదాన్నే చట్టం వైకల్యంగా లెక్కించదు. డిస్కు వల్ల కాలు తిమ్మిరెక్కడం, బలం తగ్గడం, వంగలేకపోవడం ఉంటే కదలికల వైకల్యం కింద పరీక్షిస్తారు. 40 శాతం వస్తేనే పింఛను. రాకపోవచ్చు. అయినా ప్రభుత్వ ఆసుపత్రిలో మీ పేరు మీద ఓపీ చీటీ తీయించి, బరువులు ఎత్తకూడదని డాక్టరు చేత రాయించండి. మీకు 50 నిండితే చేనేత పింఛను 4,000 రూపాయలకు అర్హత ఉంటుంది. ఇంటికి ఒకే పింఛను అన్న నియమానికి కొన్ని మినహాయింపులున్నాయి. మీ ఇంటికి అవి వర్తిస్తాయో లేదో సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి. చక్రాల కుర్చీకి కేంద్రం నడిపే అడిప్ పథకం కింద దరఖాస్తు పెట్టండి. కుర్చీ వస్తే ఆయన్ని మోసే బరువు మీకు కొంత తప్పుతుంది. ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం ఇవ్వడం గురించి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ మాట్లాడుతుంది గానీ, ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి అంటుంది. దాని కోసం గట్టిగా అడగాల్సింది మీలాంటివాళ్లే. పుట్టపర్తి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల వేదికలో ఈ డిమాండు పెట్టండి.

షావుకారు విషయంలో భయపడకండి. అడ్వాన్సు అప్పే, బాకీ కాదని నేననను. అప్పు రావాలంటే సివిల్ కోర్టుకు పోవచ్చు. అప్పు చూపించి మిమ్మల్ని గానీ మీ పిల్లల్ని గానీ బలవంతంగా గుంటలో కూర్చోబెట్టే హక్కు ఆయనకు లేదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దాన్ని నేరంగా చూస్తుంది. బెదిరిస్తే ధర్మవరం ఆర్డీఓకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

మీ అబ్బాయి జీతం నెలకు 21,000 రూపాయల లోపుంటే ఈఎస్‌ఐ కార్డు ఉందో లేదో చూడండి. తన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు, ఆదాయం తక్కువైతే, ఆ కార్డు మీదే వైద్యం దొరుకుతుంది. హిందూపురం గార్మెంట్స్ పనివాళ్లలో ఇలాగే నడుం నొప్పితో ఇంట్లో సేవ చేసేవాళ్లకూ ఒక మాట: చందా షరతులు తీరితే జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజులు, జీతంలో 70 శాతం భత్యం వస్తుంది. డిస్కు జారడం, ఒకవైపు పక్షవాతం రెండూ ఈఎస్‌ఐ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉన్నాయి.

వీటిలో ఏ పనికైనా లాయరు కావాలంటే ఫీజు కట్టక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళగా మీకూ, దివ్యాంగుడిగా మీవారికీ ఉచిత సాయం హక్కుగా ఉంది. మీ కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఒక దరఖాస్తు ఆయన పేరున, ఇంకొకటి మీ పేరున ఇవ్వండి. నియమించిన లాయరు మీ దగ్గర ఒక్క రూపాయి అడిగినా అది నిబంధనలకు విరుద్ధం. ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు రాస్తే మరో లాయర్ని కోరవచ్చు.