దయకు ఒక వేళ పెట్టండి

సమస్య:
అమ్మా, మాది సోంపేట దగ్గర పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి తోటల్ని కూల్చేసినప్పుడు ఊరంతా ఒక్క ఇల్లులా బతికాం. ఇప్పుడు పక్కింటాయన డయాలసిస్‌కి వెళ్తున్నా పలకరించే తీరిక ఎవరికీ లేదు. రోజుకో చిన్న సాయం చేయాలని మొదలుపెడతాను, వారం తిరక్కుండానే మానేస్తాను. నియమం పెట్టుకుని చేసేది మొక్కుబడే అంటారు మా ఆయన. నాలో దయ లేదా?
— ఒక సోదరి, ఉద్దానం

సలహా:
అమ్మా, మీకు దయ ఉంది. దానికో వేళ కుదరలేదు. తుపాను నాడు అవసరం అందరి కళ్లకూ ఒకేసారి కనపడింది. కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఇంటింటా విడివిడిగా నడుస్తుంది. 'ఈ రోజు ఏదో ఒక మంచి పని' అనుకుంటే ఆ ఏదో ఒకటి వెతుక్కునేసరికే పొద్దుపోతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టిన పని అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదనీ తేలింది. వాళ్లు చూసింది తిండి, వ్యాయామం వంటి అలవాట్లనే అయినా, వారానికే మిమ్మల్ని మీరు నిందించుకోవద్దని చెప్పడానికి అది చాలు.

డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తోడు వెళ్లినవారికి ఆ రోజు కూలి పోతుంది, ఆ ఇంట్లో పిల్లలుంటే, వాళ్లు బడి నుంచి వచ్చేసరికి ఎవరూ ఉండరు. ఆ మూడు సాయంత్రాలూ పిల్లల అన్నం మీ ఇంట్లో పెట్టండి. మిగతా రోజుల్లో గుమ్మం దగ్గర పలకరింపు చాలు. ఏం చేసినా ముందు అడగండి. మన వైపు రోగిని చూడబోతూ కొబ్బరిబోండాం పట్టుకెళ్తాం. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ రోగికి అది ప్రాణం మీదికి తేవచ్చు. అడగని ప్రేమ ఇంత కీడు చేయగలదు.

ఇక మీ ఆయన మాట. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. మనసు పుట్టిన రోజునే పనిచేస్తే అంతదూరం సాగేది కాదు. అలా నియమంగా చేసిన పనిని మొక్కుబడి అనగలమా? ఇదంతా ప్రభుత్వం పని అనేవాళ్లూ ఉంటారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అవి బాగా నడవాలని గట్టిగా అడగాల్సిందే. కానీ ఆ పిల్లలకు సాయంత్రం అన్నం పెట్టడానికి ఏ ఆసుపత్రీ రాదు.

ఈ రోజే పక్కింటికి వెళ్లి, డయాలసిస్ ఏయే రోజుల్లోనో కనుక్కోండి.