ఊపిరితిత్తుల కాన్సరు: పుట్టుకతో వచ్చునదెంత?

పొగ త్రాగువారిని మందలించినప్పుడెల్ల మనకు వినవచ్చు సమాధానమొకటి కలదు: "మా తాత జీవితాంతము చుట్ట కాల్చెను; తొంబదియేండ్లు బ్రతికెను." మరియొక వంక, చుట్టనుగాని బీడీనిగాని ముట్టని యిల్లాలికి ఊపిరితిత్తుల కాన్సరు వచ్చినచో, "వంశములోనే యున్నది కాబోలు" అని ఇరుగుపొరుగువారు గుసగుసలాడుదురు. ఆమె కుమార్తెకు సంబంధము కుదురుటయు కష్టమగును. ఈ రెండు మాటలలోను కొంత నిజమును, చాల పొరపాటును కలిసియున్నవి. వానిని వేరుచేసి చూపుటయే ఈ వ్యాసమునందు మా ప్రయత్నము.

తలిదండ్రుల గుణములు బిడ్డలకు జంటలు జంటలుగ సంక్రమించునని బఠానీ మొక్కలను పెంచి కనుగొని, 1866లో ప్రకటించినవాడు గ్రెగర్ మెండెల్ అను క్రైస్తవ మఠవాసి. ఆ జంటలకే నేడు జన్యువులని పేరు. జన్యువును తాటాకు ప్రతితో పోల్చుదము. మూలప్రతియందే అక్షరదోషమున్నచో, దానినిబట్టి వ్రాసిన ప్రతులన్నిటను ఆ దోషముండును. అట్లుగాక నడుమ నొక లేఖకుడు పొరబడినచో, ఆతని ప్రతియు, దానినుండి పుట్టిన ప్రతులును మాత్రమే చెడును.

ఊపిరితిత్తుల కాన్సరునకు మూలమగు దోషములలో మిక్కిలి పెక్కు ఈ రెండవ తెగవే. పొగాకు పొగలోని విషములు ఊపిరితిత్తి కణములలోని జన్యువులను చెరచును. తండ్రి ఊపిరితిత్తియందు పుట్టిన యట్టి దోషము ఆతని బీజకణములలో నుండదు గనుక బిడ్డకు రాదు. పొగ త్రాగువారికి ఈ వ్యాధి త్రాగనివారికంటె 15 మొదలు 30 రెట్లు అధికముగ వచ్చుచున్నది. తొంబదియేండ్లు బ్రతికిన తాతను మనుమలు చెప్పుకొందురు. ఏబదియేండ్లకే పోయినవానిని గూర్చి గొప్పలు చెప్పుకొనువారెవ్వరు?

ఐనను మొదటి తెగ దోషములు లేకపోలేదు. రోగుల బంధువులలో ఈ వ్యాధి హెచ్చుగ నున్నదనియు, పొగ త్రాగుటను లెక్కలోనికి తీసికొన్నను ఆ హెచ్చు పూర్తిగ పోదనియు 1963లో అమెరికాలో టోకుహాటా, లిలియన్‌ఫెల్డ్ అనువారు చూపిరి. 2005లో ఒకే కుటుంబమున పలువురికి ఈ వ్యాధి వచ్చుటను పరిశోధించినవారికి ఇ.జి.ఎఫ్.ఆర్. అను జన్యువునందు దోషమగుపడినది. పెరుగుమను సంకేతమును కణమునకు అందించు ప్రోటీనును కట్టునది ఈ జన్యువు. ఆ ప్రోటీనులో 790వ స్థానమున థ్రియోనిను ఉండవలసినచోట మెథియోనిను ఉండెను. విచిత్రమేమనగా, మందునకు లొంగక తిరుగబడిన గడ్డలలోను సరిగా ఈ దోషమునే వైద్యులు అదే సంవత్సరమున కనుగొనిరి. ఇది వంశానుగతముగ వచ్చుట మిక్కిలి అరుదు. వచ్చినవారందరును రోగులు కారు. గడ్డ పుట్టుటకు సామాన్యముగ ఆ జన్యువునందే మరియొక దోషము తోడుకావలెను.

1969లో లీ, ఫ్రామెనీ అనువారు వర్ణించిన కుటుంబములలో పలుతెరగుల కాన్సరులు తరతరముల కనబడినవి. అట్టివారికి ఊపిరితిత్తుల కాన్సరును రావచ్చును. మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది 2008 నాటి సంగతి. వ్యాధితో సంబంధము గలదని 15వ క్రోమోజోమున గుర్తించిన భాగమునందు, నికోటినును పట్టుకొను గ్రాహకముల జన్యువులున్నవి! ఆ భేదము గలవారు పొగ త్రాగుట మొదలిడినచో ఎక్కువ త్రాగుదురు. మానుటయు వారికి కష్టతరము. ఇచ్చట వంశమును పొగాకును రెండు వేరు కారణములని చెప్పుటకు వీలులేదు.

ఇక ఆ యిల్లాలి కుమార్తె సంగతి. పొగ త్రాగనివారికి ఈ వ్యాధి వచ్చినంతమాత్రమున వంశదోషమనరాదు. వంటయింటి కట్టెల పొగయు, ఇతరుల చుట్టపొగయు తలచుకొనవలెను. ఏ మందును ఈయకమునుపే గడ్డలో ఆ 790వ దోషము కనబడినచో, వైద్యులు తల్లి రక్తమును గూడ పరీక్షింపుమందురు. రక్తమున లేనిచో ఆ దోషము కుమార్తెకు వచ్చి యుండదు. ఉన్నచో, అది ఆమెకు సంక్రమించుటకు సగము పాలు అవకాశము కలదు; సంక్రమించినదో లేదో ఆమె రక్తమును చూచిననేగాని తెలియదు.