జఠరమున రాచపుండు — కణముల వలస

రాచపుండు ప్రాణాంతకమగుటకు కారణము అది పెరుగుట మాత్రమే కాదు. పుట్టినచోట నిలువక యితర స్థలములకు వలసపోవుటయు కారణమే. జఠరమున పుట్టిన వ్రణము లోపలిపొరయందే యున్నంతవరకు వైద్యులు దానిని తొలగించి రోగిని తరచుగా రక్షింపగలరు. దాని కణములు కాలేయమును, ఉదరపు పొరను చేరిన పిమ్మట చికిత్స మిక్కిలి కష్టసాధ్యమగును. కావున కణములేల కదలునో యెఱుంగుట యావశ్యకము.

ఆరోగ్యముగల జఠరమునందు లోపలిపొర కణములు గోడలోని యిటుకలవలె నొకదానినొకటి యంటియుండును. ఇటుకల నడుమ సున్నమువలె వానిని బంధించునది 'ఇ-కాడెరిన్' అను మాంసకృత్తు. ఈ బంధము సడలినచో కణము తన యాకృతిని మార్చుకొని, సందులలో దూరి, ప్రయాణమునకు గడంగును. న్యూజీలాండు దేశమున కొన్ని మావోరి కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్న జఠరపు రాచపుండునకు ఈ మాంసకృత్తును గూర్చిన జన్యువునందలి దోషమే కారణమని 1998లో తేలినది.

జన్యువు చెడకున్నను ఈ బంధము సడలవచ్చును. అదెట్లు? డి.ఎన్.ఏ. మూలగ్రంథము వంటిది. దానినుండి వ్రాయబడిన నకలు దూత ఆర్.ఎన్.ఏ. ఆ నకలును చదివి కణము మాంసకృత్తును నిర్మించును. మైక్రో ఆర్.ఎన్.ఏ. యనునది సుమారు 22 అక్షరముల చిన్న తునక. అది తనకు సరిపడు నకలునంటుకొని, దానిని చదువనీయదు, లేదా నశింపజేయును. సుమారు ఒక మిల్లీమీటరు పొడవుగల పురుగును పరిశోధించి, విక్టర్ ఆంబ్రోస్, గారీ రవ్‌కన్ అను శాస్త్రజ్ఞులు 1993లో దీనిని వెల్లడించిరి. వారికి 2024లో నోబెల్ బహుమానము లభించినది.

'జెబ్' అను మాంసకృత్తులు ఇ-కాడెరిన్ తయారగుటను ఆపును. మిర్-200 అను మైక్రో ఆర్.ఎన్.ఏ.ల కుటుంబము ఆ జెబ్ నకళ్లను అణచును. కావలివాడు తొలగినచో దొంగ విజృంభించునట్లు, మిర్-200 తగ్గినపుడు జెబ్ హెచ్చును, ఇ-కాడెరిన్ తగ్గును, కణము కదలును. మిర్-21 యనునది యిందుకు విరుద్ధము. జఠరపు రాచపుండునందు అది హెచ్చుగా కానవచ్చును. కణముల చుట్టునుగల అల్లికను కరగించు ద్రవ్యములను అదుపునందుంచు 'రెక్' అను మాంసకృత్తును అది తగ్గించి, కణములకు దారి తెరచును.

పరిశోధకులు దీనిని పరీక్షించు విధము సులభమైనదే. గాజుపళ్లెరమున పొరగా పెరిగిన కణములపై సన్నని గీత గీయుదురు. ఒక మైక్రో ఆర్.ఎన్.ఏ.ను చేర్చియు, తగ్గించియు, ఆ గీత యెంతకాలమునకు పూడునో చూతురు. త్వరగా పూడినచో కణములు వేగముగా కదలినవని తలంతురు. అయితే కణములు సంఖ్యలో పెరుగుటవలన పూడినదేమో యనియు విచారింపవలెను.

పళ్లెరమునందలి ఫలితము వెంటనే ఔషధము కాజాలదు. ఒక్క మైక్రో ఆర్.ఎన్.ఏ. పెక్కు నకళ్లను తాకును. ఒకచోట మేలుచేసినది వేఱొకచోట కీడుచేయవచ్చును. దానిని రోగకణములకే చేర్చుటయు దుస్సాధ్యము.

అయినను మనము చేయదగినది లేకపోలేదు. జఠరమున నివసించు హెలికోబాక్టర్ పైలోరీ యను సూక్ష్మజీవి రాచపుండునకు హేతువని 1994లో నిర్ణయింపబడినది. దానిని మందులతో నిర్మూలింపవచ్చును. మానని కడుపునొప్పిని, కారణములేని కృశత్వమును, నల్లని విరేచనమును ఉపేక్షింపక వైద్యుని చూడవలెను. కణములు వలసబయలుదేరుటకు పూర్వమే రోగమును గుర్తించుట ప్రాణరక్షణకు ముఖ్యోపాయము.